కాలి కింద చెక్క ఇంకెన్నాళ్లు? కార్పెంటర్ బెంచి ఎలా కట్టుకోవాలి, దానికి వైస్ ఏది కొనాలి

మా మామూ కార్పెంటర్. పహాడీషరీఫ్ వెళ్లే దారిలో చిన్న షెడ్డు, ముందు ఒక షట్టరు, లోపల ఇద్దరు పనిచేసుకునేంత చోటు. మాది మిర్యాలగూడ వైపు. హైదరాబాద్ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, పనిముట్ల పేర్లు మాత్రం ఉర్దూలో నడుస్తాయి. చిత్రికను రందా అంటారు, మూలమట్టాన్ని గునియా అంటారు, రంధ్రాలు వేసేది బర్మా.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. మామూ కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, మంచం కోడుకు బెజ్జం తొలుస్తున్నాడు. అందరిలాగే నేల మీద కూర్చుని, కోడును ఎడమ పాదంతో తొక్కిపట్టి. చెక్క జారింది. ఉలి చెక్కలో దిగాల్సింది పాదంలో దిగింది. ఆరు కుట్లు, రెండు వారాలు మంచం మీద.

ఆ రాత్రి ముమానీ ఒకటే మాట అన్నారు. "వీడు ఇక ఈ పని చెయ్యడు. బండి కొనిస్తాం, డెలివరీలకు పోతాడు." మామూ ఏమీ అనలేదు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. 52 ఏళ్లకే ఆయన మసీదులో కుర్చీ మీద నమాజు చదువుతున్నారు, మోకాళ్లు మడవడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ముందు అడిగింది కూడా అదే: "రోజుకి ఎంతసేపు కింద కూర్చుంటారు?"

నేను బీకాం చదివినవాణ్ని. ఉలి పట్టడం రాదు, షాపు ఖాతా పుస్తకం రాసేది మాత్రం నేనే. ఆ నెల ఖాతా రాస్తుంటే ఒక సంగతి తట్టింది. షాపులో మిషన్ రంపం ఉంది, డ్రిల్లింగ్ మిషన్ ఉంది, కరెంటు రందా ఉంది. చెక్కను కదలకుండా పట్టుకునే వస్తువు ఒక్కటీ లేదు. ఆ పని ఇన్నాళ్లూ చేస్తున్నది మనుషుల కాళ్లు.

ఆ తర్వాత మూడు నెలలు నేను దీని మీదే పడ్డాను. కార్పెంటర్లను అడిగాను, కలప అడితీలు తిరిగాను, ఒక తప్పు వస్తువు కూడా కొన్నాను. మన ఇళ్లలో కార్పెంటర్ లేని ఖాందాన్ తక్కువే కాబట్టి తెలిసింది వివరంగా రాస్తున్నా.

బల్ల వేరు, బెంచి వేరు

"షాపులో బల్ల ఉంది కదా బేటా, మళ్లీ బెంచి ఎందుకు?" అని మామూ మొదటి ప్రశ్న. నిజమే, ప్లైవుడ్ పరిచిన బల్ల ఒకటి ఉంది. దాని మీద కొలతలు గీస్తారు, టీ గ్లాసులు పెడతారు. రందా పడితే మాత్రం బల్ల మొత్తం గోడ దాకా నడుస్తుంది.

కార్పెంటర్ బెంచి పని చెక్కను పట్టుకోవడం. అడ్డంగా పడుకోబెట్టి పైభాగం చిత్రిక పట్టాలి, నిలబెట్టి కొస కొయ్యాలి, పక్కకు తిప్పి అంచు సాపు చెయ్యాలి. ఈ మూడు రకాల్లోనూ చెక్క కదలకూడదు, మనిషి రెండు చేతులూ పనిముట్టు మీదే ఉండాలి. ఈ పనికి కావాల్సినవి మూడు: బెంచికి బరువు, మనిషికి తగ్గ ఎత్తు, సరైన వైస్. వైస్ గురించి అందరూ ముందు అడుగుతారు కానీ మొదటి రెండూ లేకపోతే ఎంత ఖరీదైన వైస్ పెట్టినా దండగే.

కింద కూర్చుని చేసే పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. జపాన్‌లో సంప్రదాయ వడ్రంగులు కూడా నేల మీదే పనిచేస్తారు. రోమన్ల కాలం నాటి బెంచీలు మోకాలెత్తులోనే ఉండేవి, చెక్క మీద కూర్చుని ఒంటి బరువుతోనే దాన్ని పట్టేవాళ్లు. సైటు మీద పనికి పోయే కారీగర్‌కు సంచీలో పట్టే పనిముట్లు, రెండు కాళ్లు చాలు. అది గొప్ప నేర్పు. కానీ ఒకే షాపులో రోజుకి ఎనిమిది గంటలు పనిచేసేవాడికి ఆ నేర్పు మోకాళ్ల మీద అప్పు చేసినట్టే. ఫ్రాన్స్‌లో రూబో అనే వడ్రంగి 1769 నుంచి భాగాలు భాగాలుగా అచ్చువేసిన వడ్రంగం పుస్తకంలో బెంచి బొమ్మ ఉంది. మందపాటి పలక, లావు కాళ్లు, కాళ్లు పలక ముందు అంచుతో సమానంగా. 250 ఏళ్లు దాటినా ఇప్పటికీ చాలామంది అదే నమూనాలో కడుతున్నారు. మేం కట్టింది కూడా దాదాపు అదే.

ఎత్తు సంగతి

ఎత్తు విషయంలో ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. మామూ 5 అడుగుల 5 అంగుళాలు, కొడుకు 5 అడుగుల 9. వంటింటి గట్టు ఎత్తు పెడితే చాలని నేను అనుకున్నా. తప్పు. రందా పట్టేటప్పుడు బలం భుజాల నుంచి రాదు, నడుము నుంచి, కాళ్ల నుంచి వస్తుంది. పలక ఎత్తుగా ఉంటే ఒంటి బరువు రందా మీద పడదు, చేతులే లాగాలి, సాయంత్రానికి భుజాలు పోతాయి. మరీ కిందికి ఉంటే నడుము వంగిపోతుంది.

అందరూ చెప్పే కొలత సులువు. నిటారుగా నిలబడి చేతులు వేలాడేయండి. నేల నుంచి మణికట్టు గీత దాకా కొలవండి. చేత్తో రందా ఎక్కువగా పట్టేవాళ్లకు పలక ఆ గీత దగ్గర గానీ, ఒకటి రెండు అంగుళాలు కింద గానీ ఉండాలి. కరెంటు మిషన్లతోనే ఎక్కువ పని, చేత్తో జాయింట్లు, చెక్కడం అయితే ఇంకాస్త పైకి ఉన్నా ఫర్వాలేదు. కొలిచేటప్పుడు షాపులో వేసుకునే చెప్పులు వేసుకోండి. మా వాడు ఇంట్లో ఒట్టి కాళ్లతో కొలిచి రాసిచ్చాడు, షాపులో మందపాటి అడుగు చెప్పులతో నిలబడితే అంగుళం తేడా వచ్చింది.

మామూకి 31 అంగుళాలు, కొడుక్కి 33 తేలింది. 32 పెట్టుకున్నాం. కాళ్లు మాత్రం ముందే రెండు అంగుళాలు పొడుగ్గా కోసి, వారం రోజులు ఇటుకలు పెట్టీ తీసీ చూసి, తర్వాత కొసలు తగ్గించాం. ఎక్కువైతే కొయ్యొచ్చు. తక్కువైతే అతుకులు వెయ్యాలి.

కలప ఎంత, ఏది

టేకు వద్దు. ఖరీదు ఒక కారణం, అంతకంటే అది బెంచికి అవసరం లేని గొప్ప. బెంచి పలక ఉలి దెబ్బలు తింటుంది, ఫెవికాల్ మరకలు పడతాయి. కావాల్సింది బరువు, గట్టితనం, బాగా ఎండి ఉండటం. వేప, మద్ది, నల్లతుమ్మ ఏదైనా పనికొస్తుంది. పూర్వం బండి చక్రాలకు నల్లతుమ్మ వాడారంటే ఊరికే కాదు, అయితే చేత్తో సాపు చెయ్యడం కష్టం. పచ్చి కలప మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి, ఎండలు రాగానే మెలికపడుతుంది.

మేం ఇళ్లు పడగొట్టిన పాత కలప అమ్మే అడితిలో వేప దూలాలు తీసుకున్నాం. దశాబ్దాలు ఇంటి పైకప్పు కింద ఎండిన కలప, ఇక వంగేది ఏమీ మిగల్లేదు. ఒకటే జాగ్రత్త: మేకులు. కోత మిల్లుకు తీసుకెళ్లే ముందు దూలం అంతా అయస్కాంతంతో తడిమి ప్రతి మేకూ పీకాలి. ఒక్కటి మిగిలినా మిల్లు వాళ్ల బ్లేడు పోతుంది, వాళ్లు మీ మీద వేస్తారు.

లెక్క ఇలా వేశాను. పలక 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం. అంటే 3 ఘనపుటడుగులు. కాళ్లు నాలుగు, 4 అంగుళాల చదరం, 31 అంగుళాల పొడవు (కోయక ముందు). ఇవి ఒకటి పైచిలుకు. కాళ్లను కలిపే పట్టీలు 4 అంగుళాలు, 2 అంగుళాల సైజువి. పొడుగువి రెండు, ఒక్కోటి నాలుగున్నర అడుగులు. పొట్టివి నాలుగు, ఒక్కోటి 20 అంగుళాలు. ఇవన్నీ కలిపి ముప్పాతికకు కాస్త ఎక్కువ. మొత్తం 5 ఘనపుటడుగులు. కోతకు, రందాకు పోయేది కలుపుకుని 6 కొన్నాం. ఎండిన వేప ఘనపుటడుగు 20 కిలోల దాకా తూగుతుంది కాబట్టి బెంచి బరువు దాదాపు 100 కిలోలు. ఈ బరువే దాన్ని నేలకు అంటిపెట్టుకుని ఉంచేది. తక్కువ కలపతో కట్టుకునేవాళ్లు కింది పట్టీల మీద ఒక పలక పరిచి ఇసుక సంచులు పెట్టుకోవచ్చు, పని జరుగుతుంది.

ఊగని కాళ్లు

రందా తోసినప్పుడు బలం బెంచి పొడవునా పోతుంది. కాళ్లకు పలకను మేకులతో కొట్టి వదిలేస్తే నెల రోజుల్లో ఊగడం మొదలవుతుంది. అందుకే పొడుగు పట్టీలు తప్పనిసరి.

జాయింటు చూల్. ఒక చెక్క కొసను నాలుకలాగా చెక్కి ఇంకో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దించడం. తలుపు చట్రాలకు రోజూ వేసే జాయింటే కాబట్టి ఏ కార్పెంటర్‌కూ కొత్తగా నేర్పక్కర్లేదు. మేం అటూ ఇటూ రెండేసి కాళ్లను పొట్టి పట్టీలతో కలిపి ఫెవికాల్ పెట్టి శాశ్వతంగా అతికించేశాం. పొడుగు పట్టీలకు మాత్రం ఫెవికాల్ పెట్టలేదు. చిన్న నాలుక, దానితోపాటు కాలి బయటి నుంచి 8 అంగుళాల పొడవు, 12 మిల్లీమీటర్ల బోల్టు. పట్టీలో చిన్న గుంట తొలిచి అందులో వాషరు, నట్టు కూర్చోబెట్టాం.

దీనికి రెండు కారణాలు. ఒకటి, షాపు అద్దెది. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. 100 కిలోల బెంచి ఒక్క ముక్కగా ఉంటే ఆటో ట్రాలీలోకి ఎక్కించడానికి నలుగురు కావాలి. బోల్టులు విప్పితే పలక, రెండు కాళ్ల జతలు, రెండు పట్టీలు, అంతే. రెండోది, చెక్క ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. ఊగడం మొదలైతే స్పానర్ తీసుకుని పావు చుట్టు బిగిస్తే చాలు.

పలక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 24 అంగుళాల వెడల్పు పలక ఒకే చెక్కలో దొరకదు. 4 అంగుళాల వెడల్పు చెక్కలు ఆరు పక్కపక్కన అతికించాలి. అతికించే ముందు చెక్కల రేఖలు ఏ వైపు పోతున్నాయో చూసి, అన్నీ ఒకే వైపు ఉండేలా పేర్చండి. లేకపోతే తర్వాత సాపు చేసేటప్పుడు ఒక చెక్కకు నున్నగా పోయే రందా పక్క చెక్కలో పెచ్చులు లేపుతుంది. మా మామూ చెక్కలకు సుద్దతో బాణం గుర్తులు వేసి పేర్చారు.

పలకను కాళ్ల చట్రానికి బిగించేటప్పుడు అన్ని వైపులా గట్టిగా బంధించకూడదు. వెడల్పులో అది ఏడాదికి కాస్త పెరుగుతుంది, తరుగుతుంది. ముందు వైపు రెండు బోల్టులు గట్టిగా, వెనక వైపు బోల్టులకు రంధ్రాలు గుండ్రంగా కాకుండా వెడల్పు దిశలో పొడుగ్గా. అప్పుడు పలక వెనక్కి జరగడానికి చోటు ఉంటుంది, పగలదు. ముందు అంచు మాత్రం కాళ్లతో ఖచ్చితంగా సమానంగా ఉండాలి. తలుపు రెక్కను నిలబెట్టి అంచు రందా పట్టేటప్పుడు పైన వైస్ పట్టుకుంటే, కింద కాలికి శికంజా వేసి బిగించొచ్చు. పలక కాళ్లకంటే ముందుకు పొడుచుకు వస్తే ఆ వీలు పోతుంది.

వైస్ దగ్గర నేను చేసిన తప్పు

బెంచి సగం తయారయ్యేసరికి నేను హుషారుగా వెళ్లి వైస్ కొనుక్కొచ్చాను. నీలం రంగు, బరువైనది, 1,900 రూపాయలు. మామూ చూసి నవ్వారు. "ఇది మెకానిక్‌ది బేటా. లోహాన్ని పట్టేది."

ఆయన మాట వినకుండా దాన్నే బిగించి టేకు ముక్క పెట్టి చూశాను. తీశాక చెక్క రెండు వైపులా పళ్ల గుర్తులు, కొరికినట్టు. లోహపు పనికి వాడే వైస్ దవడలకు గరుకు పళ్లు ఉంటాయి, వెడల్పు నాలుగైదు అంగుళాలే, పైగా అది బెంచి మీద పైకి లేచి కూర్చుంటుంది. 6 అడుగుల పట్టీని పట్టుకుంటే దాని మిగతా పొడవు గాల్లో ఉంటుంది, రందా తోస్తే ఊగుతుంది. చెక్క పని వైస్ దీనికి పూర్తిగా వేరు. దవడలు వెడల్పుగా, నున్నగా ఉంటాయి, లోపల చెక్క పలకలు బిగించుకోవడానికి రంధ్రాలు ఉంటాయి, మొత్తం బెంచి పలక కింద దాక్కుంటుంది. పైకి ఏమీ పొడుచుకు రాదు. హార్డ్‌వేర్ షాపులో ఊరికే "వైస్ ఇవ్వండి" అంటే మొదటిదే చేతిలో పెడతారు, ఎందుకంటే ఎక్కువ అమ్ముడయ్యేది అదే. కార్పెంటర్ వైస్ అని అడగండి. మా పాత వైస్ దండగపోలేదు లెండి, ఇప్పుడు ఆకురాయితో రంపాల పళ్లు పదును పెట్టడానికి మూలన బిగించాం.

ఏ పనికి ఏ వైస్

చెక్క పని వైస్‌లలో మామూలుగా కనిపించేవి ఇనుప వైస్‌లు. వీటిలో సాదా స్క్రూది ఒకటి, క్విక్ రిలీజ్‌ది ఇంకోటి. సాదా దాంట్లో 2 అంగుళాల చెక్క తీసి 8 అంగుళాల చెక్క పెట్టాలంటే హ్యాండిల్ తిప్పుతూనే ఉండాలి. క్విక్ రిలీజ్‌లో చిన్న లివర్ నొక్కితే లోపలి సగం నట్టు స్క్రూను వదిలేస్తుంది, దవడను చేత్తో లాగేయొచ్చు, చివర్లో అర చుట్టు తిప్పితే బిగుస్తుంది. రోజుకి వంద సార్లు చెక్క మార్చేవాడికి తేడా చాలా ఉంటుంది. వారానికి ఒకసారి ఇంట్లో స్టూలు చేసుకునేవాడికి సాదాది చాలు, ఆ డబ్బుతో మంచి ఉలి కొనుక్కోవచ్చు.

ఈ రకానికి పెద్ద పేరు తెచ్చింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ కంపెనీ వైస్‌లు. 52 నంబరుది 7 అంగుళాల దవడ, 52½ నంబరుది 9 అంగుళాలు, 53 నంబరుది పదిన్నర. ఇవాళ మార్కెట్లో దొరికే చాలా వైస్‌లు ఆ నమూనాలకు నకళ్లే, సైజులు కూడా అవే. పాత అసలువి ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. గురువారం జుమేరాత్ బజార్‌లో పాత పనిముట్లు తిరగేసే అలవాటున్నవాళ్లు కాస్త కన్నేసి ఉంచండి.

సైజు ఎంత? కిటికీ చట్రాలు, చిన్న స్టూళ్లు, పెట్టెలు చేసేవాళ్లకు 7 అంగుళాలు సరిపోతుంది. తలుపులు, మంచాలు చేసే షాపుకు 9 అంగుళాలు. మేం అదే తీసుకున్నాం. పదిన్నరది మా 3 అంగుళాల పలకకు బరువెక్కువ, ఖరీదెక్కువ.

ఇనుప వైస్‌కు డబ్బు లేకపోతే కాలి వైస్ ఉంది. బెంచి ఎడమ కాలి ముందు, నేల దాకా పొడవైన మందపాటి చెక్క దవడ. పై నుంచి 8, 10 అంగుళాల కింద ఒక స్క్రూ. అడుగున రంధ్రాలున్న పట్టీ, దానికి ఒక చీల. పట్టుకునే చెక్క మందాన్ని బట్టి చీలను ముందుకీ వెనక్కీ మార్చాలి, అప్పుడే దవడ సమానంగా పడుతుంది. చీల మార్చడానికి ప్రతిసారీ వంగాలి, మోకాళ్ల నొప్పులవాళ్లకు అదొక్కటే ఇబ్బంది. పట్టు మాత్రం ఇనుప వైస్‌ను మించి ఉంటుంది. కొనాల్సింది స్క్రూ, నట్టు మాత్రమే, వాటిని లేత్ మిషన్ వాళ్ల దగ్గర తిప్పించుకోవచ్చు. మామూకి మోకాళ్లు బాగుంటే నేను దీనికే ఓటు వేసేవాణ్ని.

కొనేటప్పుడు షాపులో నిలబడి చూడాల్సినవి కొన్ని. దవడను పూర్తిగా తెరిచి పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కాస్త కదలిక అన్నిటికీ ఉంటుంది, గడగడలాడితే వద్దు. స్క్రూ మరలు బోల్టుకు ఉన్నట్టు సన్నగా, కోసుగా కాకుండా లావుగా, చదరంగా ఉండాలి. పక్కన రెండు గైడు కడ్డీలు సమాంతరంగా ఉన్నాయా చూడండి. పూర్తిగా మూస్తే దవడల పై అంచులు ముందు తాకి, కింద సన్నటి సందు ఉంటే అది లోపం కాదు, అలాగే ఉండాలి. బిగించినప్పుడు పైభాగం ముందు పట్టి, తర్వాత మొత్తం సమానమవుతుంది. కింద ముందు తాకి పైన సందు ఉన్నదైతే తీసుకోకండి, పట్టు నిలవదు. రాణిగంజ్‌లో మూడు షాపులు తిరిగి నాలుగు వైస్‌లు ఇలా ఊపి చూసి ఒకటి తీసుకున్నాం. పేరున్న కంపెనీదే అయినా ముక్కముక్కకు తేడా ఉంటుంది, పెట్టె విప్పి చూడనిచ్చే షాపులోనే కొనండి.

బిగించే విధానం

కుడిచేతివాటం వాళ్లకు వైస్ బెంచి ఎడమ కొసన ఉండాలి, ఎందుకంటే రందా కుడి నుంచి ఎడమకు పోతుంది, ఆ తోపును వైస్, దాని పక్కనున్న కాలు కలిసి ఆపాలి. ఎడమ కాలికి ఆనుకుని లోపలి వైపు పెట్టండి. మధ్యలో పెడితే పలక కంపిస్తుంది. ఎడమచేతివాటం అయితే అంతా తిరగేసుకోవాలి.

ఇనుప దవడ పై అంచు పలక పైభాగం కంటే అర అంగుళం కిందికి ఉండాలి. లేకపోతే ఏదో ఒకరోజు రందా బ్లేడు ఇనుముకు తగులుతుంది. దవడలకు లోపల ముప్పావు అంగుళం చెక్క పలకలు బిగించి, వాటిని పలకతో సమానంగా సాపు చెయ్యండి. వెనక దవడ బెంచి ముందు అంచు కంటే బయటికి రాకుండా పలక అంచులో గుంట తొలిచి లోపలికి దించాలి. పొడవాటి చెక్క పట్టినప్పుడు అది బెంచి అంచు అంతటికీ ఆనాలి, ఒక్క దవడకే కాదు. మాకు ఈ గుంట తొలవడానికే ఒక పూట పట్టింది. మామూ దీన్ని ఎవరికీ ఇవ్వలేదు, తనే కుర్చీ వేసుకుని కూర్చుని చేశారు.

ఇంకో చిన్న కిటుకు. చెక్కను వైస్ ఒక పక్కనే పట్టినప్పుడు రెండో పక్క ఖాళీగా ఉండి దవడ వంకరపోతుంది. అంతే మందం ఉన్న ముక్కను ఆ ఖాళీలో పెట్టి బిగించాలి. పావు అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా ముక్కలు కోసి, మందం రాసి, తీగకు గుచ్చి బెంచి కాలికి వేలాడదీశాం.

స్క్రూకు చిక్కటి గ్రీజు పుయ్యకండి. రంపపు పొట్టు దానికి అంటుకుని ముద్ద కడుతుంది, క్విక్ రిలీజ్ సగం నట్టు పట్టడం మానేస్తుంది. బ్రష్‌తో పొట్టు దులిపి కాస్త మైనం రుద్దితే చాలు.

పలకలో వైస్‌కు ఎదురు వరసలో 20 మిల్లీమీటర్ల రంధ్రాలు కొన్ని వేసుకున్నాం. వాటిలో చెక్క మేకు పెడితే, వైస్ ముందు దవడలో పైకి లేచే ఇనుప ముక్కకూ ఆ మేకుకూ మధ్య పలకను పడుకోబెట్టి బిగించొచ్చు. అవే రంధ్రాల్లో కమ్మరి దగ్గర చేయించిన ఇనుప కొక్కెం కూడా దిగుతుంది. 18 మిల్లీమీటర్ల కడ్డీని మెడ వంచి, మూతి చదును చేయిస్తే అయిపోతుంది. పైన సుత్తితో ఒక దెబ్బ కొడితే కడ్డీ రంధ్రంలో ఏటవాలుగా ఇరుక్కుని చెక్కను నొక్కిపెడుతుంది, వెనక నుంచి తడితే వదిలేస్తుంది. ఉలితో బెజ్జం తొలిచేటప్పుడు పనికొచ్చేది వైస్ కాదు, ఇదే. మావాడి పాదం తెగిన పని సరిగ్గా ఇదే కదా. ఇప్పుడు కోడు పలక మీద కొక్కెం కింద ఉంటుంది, పాదం రెండున్నర అడుగులకు పైగా కింద నేల మీద ఉంటుంది.

ఖాతా పుస్తకం ఏమంటోంది

కలప 6 ఘనపుటడుగులు, అడుగు 850 చొప్పున 5,100. మిల్లు కోత 600. బోల్టులు, ఫెవికాల్, వాషర్లు 750. వైస్ 4,600. కొక్కేలు రెండు 400. మొత్తం 11,450 రూపాయలు, ఇద్దరికి నాలుగు రోజుల పని అదనం. ఇవి మాకు పడ్డ రేట్లు, మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు.

అదే పుస్తకంలో వెనక్కి తిప్పితే వానాకాలం పేజీ ఉంది. కుట్లు, మందులు, డ్రెస్సింగులు 3,200. మావాడు పనిలోకి రాని 14 రోజులకు రోజుకి 700 చొప్పున 9,800. మొత్తం 13,000. రెండు పేజీలూ మామూకి పక్కపక్కన చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "కలప 850 కి ఎందుకు తెచ్చావు, 800 కి ఇచ్చేవాడు" అన్నారు.

బెంచి వచ్చాక అన్నీ మారిపోయాయని చెప్పను. మామూ మోకాళ్లు బాగవ్వలేదు, అవి ఇక బాగవ్వవు. సన్నటి నగిషీ పని వస్తే ఆయన ఇప్పటికీ చిన్న పీట వేసుకుని కిందికే దిగుతారు, అలవాటు. మొదటి వారం నిలబడి చేస్తే మడమలు నొప్పులన్నారు, పాత రబ్బరు షీటు పరిచాక తగ్గింది. తలుపు రెక్కల అంచులు మాత్రం ఇప్పుడు పూర్తిగా బెంచి మీదే. షాపులో కాస్త చోటు పోయింది, ప్లైవుడ్ షీట్లు గోడకు నిలబెట్టాల్సి వస్తోంది. ముమానీ ఇంకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు, కానీ బండి మాట ఈ మధ్య ఎత్తలేదు.

పక్క షాపు ఉస్తాద్ ఒకరు పోయిన శుక్రవారం జుమా తర్వాత వచ్చి పలక మీద చెయ్యి పెట్టి ఊపి చూశారు, కదల్లేదు. తనకు ఒకటి కావాలన్నారు. మావాడు టేపు తీసి ముందు ఆయన చెప్పులు వేసుకోమన్నాడు, తర్వాత మణికట్టు కొలిచాడు. 30 అంగుళాలు.